అందరి వెంట నడవడమా, నా దారి నేను చూసుకోవడమా?

ప్రశ్న: బి.ఎస్సీ., బి.ఎడ్. పూర్తిచేసిన నేను 2022లో గ్రూప్-1 నోటిఫికేషన్ వెలువడగానే హైదరాబాదు వచ్చి, అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉంటూ చదువుకుంటున్నాను. నాకు బడిలో జీవశాస్త్రం చెప్పాలని ఉంది. ఉప్పల్‌లో ఒక ప్రైవేటు పాఠశాల వారు రమ్మంటున్నారు. "ఇన్నేళ్లు చదివి ఇప్పుడు వదిలేస్తావా?" అని స్నేహితురాళ్లూ, నాన్నగారూ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: నలుగురితో కలిసి చదవడంలో మేలు లేకపోలేదు. 503 పోస్టుల ఆ నోటిఫికేషన్ తొలి దశ పరీక్ష (ప్రిలిమ్స్) ప్రశ్నపత్రాల లీకేజీ వల్ల ఒకసారి, హైకోర్టు తీర్పుతో మరోసారి రద్దయి, చివరకు 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చేదాకా, చిక్కడపల్లి గ్రంథాలయంలో పక్క కుర్చీలో కూర్చున్నవారే చాలామందికి ధైర్యం. ఏ పుస్తకం కొనాలి, పాత ప్రశ్నపత్రాలను ఎలా చూడాలి అన్న విషయాల్లో వారి మాట వినడమే తెలివైన పని. అసలు ఈ పరీక్ష మీకు కావాలా అన్నది మాత్రం వారు తేల్చగలిగింది కాదు.

"ఇన్నేళ్లు చదివి" అన్న మాటను లెక్కలోంచి తీసేయండి. మీరు అక్కడే ఉన్నా, వెళ్లిపోయినా ఆ ఏళ్లు తిరిగిరావు. రేపు మీ గదిలోని వారంతా ఖాళీచేసి వెళ్లిపోతే, మీరొక్కరే ఉండి చదువుతారా? చదువుతానని తడుముకోకుండా చెప్పగలిగితే ఉండండి. బడి మీద ఇష్టం నిజమైనదో, పుస్తకాల మీది విసుగో కూడా తేల్చుకోవాలి. అందుకు డెమో క్లాసు ఒక్కటి చాలదు. కొన్నాళ్లు ఎనిమిదో తరగతికి కణం పాఠం చెప్పి, సాయంత్రం నోటు పుస్తకాల కట్ట దిద్ది చూడండి. చేరేముందు వేసవి సెలవుల్లో జీతం ఇస్తారా అని తప్పక అడగండి. చాలాచోట్ల ఇవ్వరు, అడిగితేగానీ చెప్పరు.

మీరు కోరుకునే దారి నాన్నగారు భయపడుతున్నంత ఒంటరిది కాదు. బి.ఎడ్.లో మీ మెథడాలజీ (బోధనాంశం) జీవశాస్త్రమే అయితే, ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) రెండో పేపరు రాసి, ప్రభుత్వ ఉపాధ్యాయుల నియామక పరీక్ష అయిన డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు పోటీపడవచ్చు. 2024 డీఎస్సీలో అన్ని కేటగిరీలూ కలిపి 11,062 పోస్టులు ప్రకటించారు. టెట్ మార్కులకు ఎంపికలో 20 శాతం వెయిటేజీ ఉంటుంది, ఆ అర్హతకు కాలపరిమితి లేదు, మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాయవచ్చు కూడా. బడిలో చెప్పే పాఠమే పరీక్షకూ పనికివస్తుంది కాబట్టి, గ్రూప్స్ చదువుతూ ఉద్యోగం చేయడం కంటే ఇది తేలికని నా అభిప్రాయం.

నాన్నగారి దగ్గర "గ్రూప్స్ మానేస్తున్నాను" అని మొదలుపెట్టకండి. టెట్ ఎప్పుడు రాయబోతున్నారో, జీతంలోంచి హాస్టలు ఖర్చు ఎంతవరకు మీరే కట్టుకోగలరో కాగితం మీద రాసి చూపించండి. ఆయన ఆందోళనలో డబ్బుకు సంబంధించినది ఎంతో, నలుగురూ ఏమనుకుంటారో అన్నది ఎంతో అప్పుడు మీకే తెలుస్తుంది; మొదటిదానికి మీరు జవాబు చెప్పవలసిందే.