యుద్ధానికి మనస్సాక్షి ఒప్పుకోనప్పుడు: ఒక మాజీ సైనికుడి సందేహం

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. సైన్యంలో పదిహేడేళ్లు పనిచేసి 2009లో హవల్దారుగా రిటైరయ్యాను. 1999 కార్గిల్ యుద్ధ కాలంలో సరిహద్దులోనే ఉన్నాను. మనిషిని చంపడానికి మనస్సాక్షి ఒప్పుకోని సైనికుడికి శిక్ష లేకుండా వైదొలగే హక్కు చట్టంలో ఉండాలని నా నమ్మకం. వచ్చే నెల తిరుపతిలో మిత్రులు పెట్టే సభలో ఈ మాట చెప్పి, కరపత్రం పంచాలనుకుంటున్నాను. నా పెన్షన్ ఆపేస్తారా? దేశద్రోహం కేసు పెడతారా? ఇంకొకటి. మా అక్క కొడుకు అగ్నివీర్, నాలుగేళ్ల గడువుపై సైన్యంలో చేరాడు. లీవులో వచ్చి, ‘తుపాకీ పట్టలేను, తిరిగి వెళ్లను, కొన్నాళ్లు నీ ఇంట్లోనే ఉంటాను మామా’ అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: హవల్దారు గారికి నమస్కారం. మీ ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. చట్టం మారాలని సభలో కోరడం ఒకటి, మేనల్లుడిని ఇంట్లో ఉంచుకోవడం మరొకటి. మొదటిదానికి రాజ్యాంగం మీకు అండగా ఉంది. రెండవది మిమ్మల్ని నేరుగా కేసులోకి లాగుతుంది.

పదవీ విరమణ చేసినందువల్ల మీరిప్పుడు 1950 నాటి సైనిక చట్టం పరిధిలో లేరు. సర్వీసులో ఉన్నవారి ప్రాథమిక హక్కులను రాజ్యాంగం 33వ అధికరణ కింద పార్లమెంటు కుదించగలదు గానీ, పౌరుడిగా మీకు 19వ అధికరణ ఇచ్చిన వాక్ స్వాతంత్ర్యం పూర్తిగా వర్తిస్తుంది. ఇక పెన్షన్ ప్రభుత్వం దయతో ఇచ్చే దానం కాదని, అది హక్కని సుప్రీంకోర్టు నకారా కేసులో 1982 డిసెంబరు 17న తేల్చి చెప్పింది. పెన్షన్ నిబంధనల్లో సత్ప్రవర్తన షరతు ఉన్న మాట నిజమే, తీవ్రమైన నేరానికి కోర్టు శిక్ష వేస్తే ఆ షరతు ముందుకు రావచ్చు. అయితే ఒక చట్టం కావాలని శాంతియుతంగా అడగడం నేరమే కాదు కనుక, ఆ భయంతో మీరు నోరు కట్టేసుకోనక్కరలేదు.

దేశద్రోహం సంగతికి వస్తే, పాత శిక్షాస్మృతిలోని 124ఎ సెక్షన్ అమలును సుప్రీంకోర్టు 2022 మే నెలలోనే నిలిపివేసింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 152వ సెక్షన్ కూడా, ప్రభుత్వ చర్యలను చట్టబద్ధమైన మార్గాల్లో మార్పించాలని చేసే విమర్శను, అది తిరుగుబాటుకో వేర్పాటుకో పురిగొల్పనంత వరకు, నేరంగా చూడదని తన వివరణలోనే చెబుతోంది. మీరు నిజంగా జాగ్రత్త పడవలసినవి వేరే సెక్షన్లు. సర్వీసులో ఉన్న సైనికుడిని విధి నుంచి తప్పించడానికి ప్రయత్నించడం అదే సంహితలోని 159వ సెక్షన్ కింద నేరం, దానికి యావజ్జీవం దాకా శిక్ష పడవచ్చు. సైనికులు తమ విధిని విస్మరించేలా చేయాలన్న ఉద్దేశంతో ప్రకటనలు చేయడం 353వ సెక్షన్ కిందికి వస్తుంది, దానికి మూడేళ్లు. ఈ నిబంధనల మూలాలు బ్రిటిష్ కాలానివి. సైన్యంలో కొనసాగడం ముస్లింలకు మతవిరుద్ధమన్న తీర్మానంపై ఖిలాఫత్ ఉద్యమ నాయకులైన అలీ సోదరులను 1921లో కరాచీలో విచారించి రెండేళ్ల చొప్పున జైలుకు పంపారు. కాబట్టి ‘ఇలాంటి హక్కును పార్లమెంటు చట్టం ద్వారా ఇవ్వాలి’ అని రాయండి. ‘సైనికులారా, ఆయుధాలు దించండి’ అన్న అర్థం వచ్చే వాక్యం ఒక్కటి కూడా కరపత్రంలో ఉండకూడదు. దాన్ని సర్వీసులో ఉన్నవారికి పంచకండి, వారి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. యూనిఫాం వేసుకుని వేదిక ఎక్కకండి. కార్గిల్ అనుభవం చెప్పేటప్పుడు సైనిక రహస్యాలు బయటపెట్టకండి, ఎందుకంటే 1923 నాటి అధికార రహస్యాల చట్టం రిటైరైన వారిని కూడా వదలదు.

మీ వాదనకు చట్టపరమైన బలం ఎంత ఉందో కూడా చెప్పాలి. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో భారతదేశం 1979లో చేరింది. అందులోని 18వ అధికరణ ఇచ్చే మనస్సాక్షి స్వేచ్ఛ నుంచే ఈ హక్కు పుడుతుందని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 1993లో వ్యాఖ్యానించింది. సైన్యంలో చేరిన తర్వాత కూడా మనిషికి ఈ అభ్యంతరం కలగవచ్చని 1998లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్ తీర్మానం గుర్తించింది. మీ మేనల్లుడి పరిస్థితి సరిగ్గా అదే. జర్మనీ 1949లో తన రాజ్యాంగంలోనే ఈ హక్కును రాసుకుంది. మన దగ్గర నిర్బంధ సైనిక సేవ లేదు, ఇష్టపడి చేరినవారే ఉంటారు కనుక ఈ ప్రశ్న ఎవరికీ పట్టలేదు. కానీ పద్దెనిమిదేళ్ల వయసులో ఉద్యోగం కోసం సంతకం పెట్టిన కుర్రవాడికి ఇరవై ఏళ్లకు మనసు మారకూడదని అనడం న్యాయం కాదని నేను నమ్ముతాను. అయినా నేటి చట్టం అతని వైపు లేదు. రెజిమెంటు మతపరమైన కార్యక్రమంలో గర్భగుడిలోకి వెళ్లడానికి తన విశ్వాసం ఒప్పుకోదన్న ఒక సైనికాధికారి తొలగింపును 2025లో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు.

అందుకే మేనల్లుడి విషయంలో మీరు మరింత జాగ్రత్తగా ఉండాలి. లీవు ముగిసిన మరుసటి రోజు నుంచే అతను అనుమతి లేకుండా గైర్హాజరైనట్టు లెక్క. ముప్పై రోజులు దాటితే యూనిట్‌లో విచారణ జరిపి పరారీగా ప్రకటించవచ్చు, ఆపైన వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయవచ్చు. గైర్హాజరుకు గరిష్ఠంగా మూడేళ్ల శిక్ష ఉండగా, పరారీకి మామూలు సమయంలో ఏడేళ్లు, యుద్ధ విధుల్లో ఉంటే మరణశిక్ష వరకు ఉంది. ఈ రెండింటికీ మధ్య గీత ‘తిరిగి వెళ్లను’ అన్న ఉద్దేశమే కనుక, ఆ మాటను ఫోన్ మెసేజుల్లో రాయవద్దని అతనికి గట్టిగా చెప్పండి. పారిపోయిన సైనికుడని తెలిసి ఆశ్రయమిస్తే భారతీయ న్యాయ సంహితలోని 164వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు. ఆ సెక్షన్ మినహాయించింది భార్యను లేదా భర్తను మాత్రమే. మేనమామకే కాదు, కన్నతల్లికి కూడా మినహాయింపు లేదు. ఉండిపొమ్మని ప్రోత్సహించడం పరారీకి ప్రేరేపించడమవుతుంది, అది అదే సంహితలోని 163వ సెక్షన్.

అతనికి చట్టబద్ధమైన దారి లేకపోలేదు, అది ఇరుకు దారి. అగ్నివీరులు గడువుకు ముందు తమ కోరికపై బయటికి రావడానికి సాధారణంగా అనుమతి లేదు, అత్యంత అసాధారణ సందర్భాల్లో మాత్రం అధికారులు విడుదల చేయవచ్చు. అలా వస్తే, అగ్నివీరుల జీతంలో కొంత, ప్రభుత్వ వాటా కలిసి జమయ్యే సేవానిధిలో అతను కట్టిన సొమ్ము, దానిపై వడ్డీ మాత్రమే చేతికొస్తాయి, ప్రభుత్వం వాటా రాదు. తన మనసులోని సంఘర్షణను దాచకుండా, ఏ రోజున ఏ సంఘటనతో మొదలైందో రాసి, విడుదల కోసం లేదా ఆయుధం అవసరం లేని విధుల్లోకి మార్చమని కోరుతూ కమాండింగ్ అధికారికి దరఖాస్తు ఇవ్వాలి. నిద్రలేమి, భయం వంటివి ఉంటే యూనిట్ వైద్యాధికారికి చెప్పడం సిగ్గుపడవలసిన విషయం కాదు. దరఖాస్తును తోసిపుచ్చితే సైనిక చట్టం 26వ సెక్షన్ కింద పై అధికారికి ఫిర్యాదు చేసుకోవచ్చు. ఆ తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై బెంచ్ ఉంది.

ఇంకొక మాట కూడా అతనికి చెప్పండి. సైనిక చట్టం 41వ సెక్షన్ శిక్షించేది చట్టబద్ధమైన ఆజ్ఞను ధిక్కరించినప్పుడే. చేతికి చిక్కిన ఖైదీని చంపమనే ఆజ్ఞ చట్టబద్ధం కాదు. 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం దాన్ని పాటించడమే నేరం. చంపడమంటే ఏ సందర్భంలోనైనా వద్దనే అతని మనసుకు ఇది పూర్తి జవాబు కాదని నాకు తెలుసు.

లీవు ఏ తేదీతో ముగుస్తుందో ఈ రోజే అతని లీవు సర్టిఫికెట్‌లో చూడండి. ఆ తేదీకి అతను యూనిట్‌లో హాజరు కావాలి, దరఖాస్తు అతని చేతిలో ఉండాలి, దాని నకలు మీ దగ్గర ఉండాలి. సభనైతే ఆ తర్వాత కూడా పెట్టుకోవచ్చు.