టెర్రిఫిక్ యాక్సిడెంట్ అంటే తప్పేంది సార్?

ప్రశ్న: మొన్న చిట్యాల దగ్గర హైవే మీద మా బస్సు ముందే లారీ, కారు గుద్దుకున్నాయి. ఇద్దరికి బాగా దెబ్బలు తగిలాయి, రెండు గంటలు ట్రాఫిక్ కదల్లేదు. ఎందుకు లేటైందో మేనేజర్‌కు మెయిల్ పెడుతూ 'టెర్రిఫిక్ యాక్సిడెంట్' చూశానని రాశాను. అప్పట్నుంచి సెక్షన్‌లో నా పేరు టెర్రిఫిక్ మేడమ్. టెర్రర్ అంటే భయమే కదా సార్? హారిబుల్, హారిఫిక్, హారెండస్, గ్రూసమ్, గాస్ట్లీ, అన్నిటికీ నా డిక్షనరీలో 'భయంకరమైన' అనే ఉంది. అన్నీ ఒకటే అయితే ఇన్ని మాటలెందుకు?
— ఒక పాఠకురాలు, నార్కట్‌పల్లి

జవాబు: నవ్వినవాళ్లకు ముందు ఒక మాట చెప్పండి. మీరు రాసింది పదిహేడో శతాబ్దంలో అయితే అది నికార్సైన ఇంగ్లీషు. అప్పట్లో టెర్రిఫిక్ అంటే భయపెట్టేది అనే. తర్వాత మెల్లగా 'మామూలుగా లేదు, చాలా పెద్దది' అనే అర్థం వచ్చి, అక్కడి నుంచి మెచ్చుకోలు అయి కూర్చుంది. ఇందులో ఇంగ్లీషువాళ్లను వింతగా చూడాల్సిన పని లేదు. ఉర్దూలో ఖతర్నాక్ అంటే ప్రమాదకరమైనది, మన దగ్గర పిల్లలు బిర్యానీ తిని 'ఖతర్నాక్ ఉందిరా' అంటారు. గత్తర అంటే మా నానమ్మ కాలంలో ఊళ్లకు ఊళ్లను ఊడ్చేసిన కలరా, ఆ మాట వింటే చాలు పిల్లల్ని ఇంట్లోకి లాక్కునేవాళ్లు. ఇప్పుడేమో హీరో డాన్సు చేస్తే 'గత్తర లేపిండు' అని ఈలలు. మీ మెయిల్ చదివిన మేనేజర్‌కు 'ఖతర్నాక్ యాక్సిడెంట్, మస్తుంది' అన్నట్టు వినబడింది, అంతే.

ఇక అసలు సంగతికి వస్తే, చాలామంది ఈ మాటల్ని మెట్ల మాదిరిగా పేర్చి చదువుతారు, కింద హారిబుల్, పైన హారిఫిక్, ఇంకా పైన హారెండస్ అని. కోచింగ్ సెంటర్లలో అట్లనే చెప్తారు కూడా. నాకు ఆ పద్ధతి నచ్చదు. ఎంత భయం అని కొలిచే ముందు, ఆ మాట వేలు దేని వైపు చూపిస్తోందో చూడాలి.

మన నవరసాలనే తీసుకోండి. భయానకం వేరు, బీభత్సం వేరు అని నాట్యశాస్త్రం ఎప్పుడో విడగొట్టింది. భయానకానికి మూలం భయం, బీభత్సానికి మూలం జుగుప్స, అంటే ఏవగింపు. గ్రూసమ్, గ్రిజ్లీ అచ్చంగా బీభత్స రసం మాటలు. రక్తం, తెగిన అవయవాలు, కుళ్లిన శవం లాంటివి ఉంటేనే అవి వాడాలి. స్కాట్లండ్ వాళ్ల మాటల్లో గ్రూ అంటే ఒళ్లు జలదరించడం, నవలా రచయిత వాల్టర్ స్కాట్ చలవతో గ్రూసమ్ ఇంగ్లీషంతా పాకింది. కాబట్టి నెత్తురు, గాయాలు కళ్లారా చూసి, ఆ దృశ్యం గురించే చెప్పాలనుకుంటే గ్రూసమ్ సరిపోతుంది. మేనేజర్‌కు పెట్టే మెయిల్‌లో మాత్రం అది వద్దు, పొద్దున్నే టిఫిన్ చేస్తూ చదువుతాడేమో. (మన పేపర్లు బీభత్సాన్ని కూడా పాడుచేశాయనుకోండి. ఈదురుగాలి బీభత్సం, లారీ బీభత్సం, దొంగల బీభత్సం. అందులో జుగుప్స ఎక్కడుందో రాసినవాళ్లకే తెలియాలి.)

హారిఫిక్ జరిగిన ఘటన వైపు చూపిస్తుంది: ప్రాణాలకు ముప్పు, వినగానే గుండె ఝల్లుమనడం. మీరు వెతుకుతున్న మాట ఇదే. హారిబుల్ ఒకప్పుడు ఇంత బరువున్నదే కానీ వాడీ వాడీ అరిగిపోయింది, క్యాంటీన్ చాయ్ కూడా హారిబులే, బాస్ టై కూడా హారిబులే. హారెండస్ అంటే ఎక్కువగా మోయలేనంత, భరించలేనంత అని. ఆ రెండు గంటల ట్రాఫిక్‌కు హారెండస్ బాగుంటుంది. ఒకే మెయిల్‌లో హారిఫిక్ యాక్సిడెంట్, హారెండస్ ట్రాఫిక్ అని రాసి ఉంటే ఇయ్యాల మీకు ఆ పేరు వచ్చేది కాదు.

ఈ మూడింటికీ తల్లి లాటిన్‌లో వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం అనే అర్థమున్న క్రియ. సంస్కృతంలో రోమహర్షణం అనే మాటలో ఉన్న హృష్ ధాతువు దానికి దూరపు చుట్టమని భాషా శాస్త్రవేత్తలు చెప్తారు. వేరు ఒకటే, అటు పోయిన కొమ్మ హారర్ అయింది, ఇటు వచ్చిన కొమ్మ హర్షమై సన్మాన సభల్లో వినబడుతోంది.

గాస్ట్లీ పాలిపోయిన ముఖం లాంటి మాట, శవం కళ, దయ్యం నీడ. జ్వరంతో ఆఫీసుకొచ్చిన మనిషిని చూసి 'యు లుక్ గాస్ట్లీ' అంటే 'ముఖంలో నెత్తురు చుక్క లేదు' అని. తిట్టనుకునేరు. హిడియస్ అయితే చూపుకు సంబంధించింది, వికారమైన రూపం.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే మన నల్లగొండ జిల్లా మనుషుల మీద ఇలాంటి మాటలు వాడగా చూశాను. మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన వాళ్ల గురించి ఇంగ్లీషులో రాసేటప్పుడు ఎవరైనా హిడియస్ అంటే ఆ వేలు మనిషి ఒంటి వైపు తిరుగుతుంది. వాడాల్సిన మాట ఎప్పాలింగ్. అది కూడా ముఖం పాలిపోవడం నుంచి పుట్టిందే, కానీ ఇప్పుడు 'ఇంత దాకా ఎట్లా రానిచ్చారు' అని నిలదీస్తుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమన్న ఫ్లోరైడ్ నీళ్లను, పటిక, సున్నంతో శుభ్రం చేసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టి, ఆ ఊళ్లకు మంచి నీళ్లు మాత్రం ఏళ్ల తరబడి అందించకపోవడం ఎప్పాలింగ్. మనుషులు కాదు.

మీ లిస్టులో లేని ఒక మాట కూడా ఇస్తాను, హారోయింగ్. దుక్కి దున్నాక పెడ్డలు పగలగొట్టడానికి లాగే పళ్ల గొర్రు ఉంది చూడండి, ఇంగ్లీషులో దాని పేరు హారో. ఆ గొర్రు మనసు మీద నుంచి పోయినట్టుండేదే హారోయింగ్. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు కదా. కూలడం హారిఫిక్. బయట వాళ్ల కుటుంబాలు రోజుల తరబడి ఎదురుచూడటం హారోయింగ్.

ప్రశ్న: గ్రిజ్లీ మర్డర్ అని పేపర్లో చదివాను. గ్రిజ్లీ అంటే ఎలుగుబంటి కదా? ఇంకో సంగతి, 'హీనస్ క్రైమ్' అంటే హీనమైన నేరమనేనా?
— ఒక డిగ్రీ విద్యార్థి, వనపర్తి

జవాబు: పలకడానికి ఒకటే, రాయడానికి రెండు. ఎలుగుబంటి స్పెల్లింగ్‌లో రెండు జెడ్‌లు, అది నెరిసిన రంగును బట్టి వచ్చిన పేరు. హత్య స్పెల్లింగ్‌లో ఎస్, అది పాత ఇంగ్లీషు మాట.

రెండోదాన్ని హేనస్ అని పలకాలి. హీనం గుర్తొచ్చి మనమంతా హీనస్ అనేస్తాం, నేనూ అన్నాను చాలా ఏళ్లు. ఫ్రెంచిలో ద్వేషం అనే మాట నుంచి వచ్చింది, హీనంతో చుట్టరికం లేదు. ఊరికే తిట్టడానికే కాక చట్టంలోనూ ఉంది: 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో కనీస శిక్ష ఏడేళ్లు, ఆపైన ఉన్న నేరాలు ఈ కోవలోకి వస్తాయి.

ప్రశ్న: ఆఫుల్ చెడ్డది, ఆసమ్ మంచిది. రెండింట్లోనూ 'ఆ' ఉంది. ఎట్లా?
— ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఆ 'ఆ' (awe) ఒక ఇంగ్లీషు మాటే, దాన్ని ఒక్క తెలుగు మాటలో చెప్పడం కష్టం. యాదగిరిగుట్టలో పంచ నారసింహుల్లో ఉగ్ర నరసింహుడి పేరు వినే ఉంటారు. ఆయన్ను తలుచుకుంటే భయమేస్తుంది, చేతులూ జోడిస్తాం. ఆ రెండూ కలిసిందే అది. మొదట్లో ఆఫుల్, ఆసమ్ రెండూ అదే చెప్పేవి. ఆఫుల్‌కు భయం మిగిలి అదీ చప్పబడింది, ఆసమ్‌కు దండం మిగిలి ఇప్పుడు సెల్ఫీల కింద తిరుగుతోంది.