వరంగల్ నుంచి రగ్బీలోకి వెళ్లొచ్చా? ఆ కెరీర్ ఎలా ఉంటుంది?

తమ్ముడూ, నువ్వు రెండు విషయాలు అడిగావు. ప్రొఫెషనల్ రగ్బీ ప్లేయర్ కెరీర్‌లో ఎత్తుపల్లాలు ఎలా ఉంటాయన్నది ఒకటి. హనుమకొండలో డిగ్రీ చదువుతూ కబడ్డీ ఆడే నువ్వు, టీవీలో రగ్బీ ప్రీమియర్ లీగ్ చూసి అటు దిగొచ్చా అన్నది రెండోది. నేనూ కబడ్డీ నుంచే రగ్బీకి వెళ్లాను. రాష్ట్ర జట్టు క్యాంపుల దాకా ఆడాను, మోకాలి లిగమెంట్ తెగి ఆగిపోయాను. ఇప్పుడు కాజీపేట దగ్గర ఒక స్కూల్లో పీఈటీని. ప్రొఫెషనల్‌గా ఎప్పుడూ ఆడలేదు. అందుకే పెద్దవాళ్ల సంగతి ఆటను ఏళ్లుగా చూస్తున్నవాడిగా, మన దగ్గరి సంగతి ఆడినవాడిగా చెబుతాను.

ముందొక మాట. నువ్వు టీవీలో చూసింది ఏడుగురు ఆడే సెవెన్స్. రగ్బీలో ప్రధాన రకమైన రగ్బీ యూనియన్ అసలు రూపం జట్టుకు 15 మంది, 80 నిమిషాలు. అందులో డబ్బు తీసుకుని ఆడటానికి 1995 ఆగస్టు దాకా అనుమతే లేదు. వృత్తిగా దాని వయసు మూడు దశాబ్దాలే కాబట్టి కాబోలు, క్లబ్బుల జమాఖర్చులు ఇంకా కుదురుకోలేదు. 2022లో ఇంగ్లండ్‌లో వూస్టర్, వాస్ప్స్ క్లబ్బులు దివాలా తీశాయి, మరుసటి ఏడాది లండన్ ఐరిష్ మూతపడింది. వాస్ప్స్ చిన్న జట్టేం కాదు, యూరప్ క్లబ్బుల మధ్య జరిగే యూరప్ కప్‌ను రెండుసార్లు గెలిచింది. అయినా కాంట్రాక్టు చేతిలో ఉన్న ఆటగాళ్లు కూడా సీజన్ మధ్యలో రోడ్డున పడ్డారు. వాళ్ల ఆటలో లోపమేమీ లేదు.

ఇక గాయాలు. జానీ విల్కిన్సన్ 2003 ప్రపంచకప్ ఫైనల్లో, ఎక్స్‌ట్రా టైమ్ ఆఖరి నిమిషంలో డ్రాప్ గోల్ (బంతిని నేలకు వదిలి, లేవగానే గోల్ స్తంభాల మధ్యకు తన్నడం) కొట్టి ఇంగ్లండ్‌ను గెలిపించాడు. అప్పటికి 24 ఏళ్లు. ఆ తర్వాత మెడ, చెయ్యి, మోకాలు, కిడ్నీ, ఒకటి మానితే ఇంకొకటి. మళ్లీ దేశం తరఫున ఆడింది 2007 ఫిబ్రవరిలో. మూడేళ్లు దాటిపోయాయి. 2009లో ఫ్రాన్స్‌లోని టూలోన్‌కు వెళ్లి, 2013, 2014లలో యూరప్ కప్ గెలిచి, 35 ఏళ్లకు ఆట మానేశాడు. అతని పేరు చెబితే అందరికీ ఆ డ్రాప్ గోలే గుర్తొస్తుంది. నాకు మాత్రం మధ్యలోని ఆ మూడేళ్లే గుర్తొస్తాయి.

స్టీఫెన్ డొనాల్డ్ కథ ఇంకా విచిత్రం. 2010లో ఆస్ట్రేలియా చేతిలో ఓడిన ఒక మ్యాచ్‌కు న్యూజిలాండ్ జనం అతన్నే తిట్టిపోశారు. 2011 ప్రపంచకప్ జట్టులో చోటు దక్కలేదు. ఆ టోర్నీ మధ్యలో న్యూజిలాండ్ ప్రధాన కిక్కర్ డాన్ కార్టర్‌కు ప్రాక్టీస్‌లో గజ్జ కండరం తెగింది, అతని బదులు వచ్చినవాడికీ దెబ్బ తగిలింది. చేపలు పడుతున్న డొనాల్డ్‌ను పిలిపించారు. ఫైనల్లో ఫ్రాన్స్‌పై 8–7తో గెలిచారు, అందులో అతని పెనాల్టీ కిక్ ఉంది. కార్టర్ నాలుగేళ్లు ఆగి, 2015 ఫైనల్లో ఆడి కప్ అందుకున్నాడు. ఒకడి గాయం ఇంకొకడికి అవకాశం కావడం ఈ ఆటలో మామూలే. లోపల ఎంత బాధున్నా అందరూ చప్పట్లు కొడతారు.

నా అనుభవంలో మ్యాచ్‌లో తగిలే దెబ్బకంటే మ్యాచ్‌లు లేని నెలలే మనిషిని పడేస్తాయి. నా మోకాలికి ఆపరేషన్ అయ్యాక మొదటి రెండు వారాలు ఇల్లంతా జనమే. తర్వాత ఎవరూ రారు. పొద్దున లేచి తొడ కండరం బిగించి వదిలే ఎక్సర్‌సైజ్ చేస్తుంటే బాపు అటు ఇటు నడుస్తూ ఏమీ అనేవాడు కాదు, అదే పెద్ద టెన్షన్. పెద్ద క్లబ్బుల్లో ఫిజియో ఉంటాడు, జీతం వస్తుంటుంది. మనకు ఫిజియో ఖర్చు ఇంటిదే. ఆడదామన్న కోరిక నాకుండేది. కానీ తొమ్మిది నెలలు ఖాళీగా కూర్చోబెట్టి పోషించే స్తోమత మా ఇంట్లో లేదు.

కబడ్డీ నీకు పనికొస్తుంది, కాదనను. రైడర్ కాళ్ల కదలిక ఉన్నవాణ్ని పట్టుకోవడం రగ్బీలో కష్టమే. కానీ డిఫెన్స్ అలవాట్లు కొన్ని మార్చుకోవాలి. కబడ్డీలో తొడ పట్టు పట్టేటప్పుడు తల ఎటుందో మనం పెద్దగా చూసుకోం. రగ్బీలో ఎదుటివాడు పూర్తి వేగంతో వస్తాడు. మన తల అతని ముందుకు పోతే మెడ పోయినట్టే. తల పక్కకు ఉంచి, భుజంతో ఆపి, రెండు చేతులతో చుట్టేయాలి. భుజాల పైన పట్టుకుంటే ఫౌల్. మొరం గ్రౌండ్‌లో ఇది నేర్చుకోకు, మోచేతులు చెక్కుకుపోతాయి, పైగా భయంతో తప్పు అలవాటు పడుతుంది.

తలకు తగిలితే మాత్రం ఆ రోజుకు ఆట అయిపోయినట్టే. మన ఊరి టోర్నమెంట్లలో ముఖం మీద నీళ్లు కొట్టి మళ్లీ దింపుతారు, ఒప్పుకోకు. 2003లో విల్కిన్సన్‌తో కలిసి ప్రపంచకప్ గెలిచిన స్టీవ్ థామ్సన్‌కు నలభైలలోనే డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు వచ్చింది. ఆ కప్ గెలిచిన సంగతే గుర్తులేదని ఆయనే చెప్పాడు.

ఇక వరంగల్ నుంచి వెళ్లొచ్చా అంటే, దారి ఉంది కానీ సన్నది. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. పరుగుకు ఒక మంచి కోచ్ దొరికితే అలా ఎదగొచ్చు. రగ్బీకి నీతోపాటు రోజూ ఒళ్లు గుద్దుకునే జట్టంతా కావాలి. భువనేశ్వర్‌లోని కిస్ (కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) అనే విద్యాసంస్థలో ఆదివాసీ పిల్లలు ఒకే హాస్టల్లో ఉండి ఆడారు, 2007లోనే లండన్ వెళ్లి అండర్-14 కప్ గెలిచారు. అలాంటి ఏర్పాటు మన వైపు నాకు కనిపించలేదు.

డబ్బు సంగతికొస్తే, 2025 జూన్‌లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదటి సీజన్‌లో ఉన్నది ఆరు జట్లే, హైదరాబాద్ హీరోస్‌తో కలిపి. రెండు వారాల్లో అయిపోయింది. అది ఏడాది జీతం కాదు. ఆటతోనే బతకాలనుకుంటే నీకు కబడ్డీలోనే అవకాశాలు ఎక్కువని నా అభిప్రాయం. రగ్బీ మీదే మనసుంటే ఉద్యోగం వైపు నుంచి ఆలోచించు. కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటా ఆటల జాబితాలో 2020లో రగ్బీని చేర్చారు. రాష్ట్రం తరఫున నేషనల్స్‌గానీ, ఇంటర్ యూనివర్సిటీగానీ ఆడిన సర్టిఫికెట్‌కు అక్కడ విలువ ఉంటుంది. కాబట్టి ముందు కాకతీయ యూనివర్సిటీ స్పోర్ట్స్ విభాగానికి వెళ్లి రగ్బీ జట్టు పంపుతున్నారా, సెలెక్షన్స్ ఎప్పుడు అని అడుగు. పోయేటప్పుడు టెన్త్ మెమో, ఆధార్ ఒరిజినల్స్ తీసుకెళ్లు, మౌత్‌గార్డ్ సొంతది కొనుక్కో. డిగ్రీ మాత్రం ఏ క్యాంపు కోసమూ ఆపకు.