పాత తలుపుల రంగు గీకించొచ్చా?

ప్రశ్న: మాది కరీంనగర్. మా మామగారు కట్టించిన ఇల్లు, ముప్పై ఏళ్లు దాటింది. తలుపులకీ కిటికీ ఊచలకీ అప్పటి పచ్చ ఆయిల్ పెయింటే, పెచ్చులుగా ఊడుతోంది. ఏడాదిన్నర పాప ఆ పెచ్చులు ఏరి నోట్లో పెట్టుకుంటోంది. పెయింటరేమో అంతా గీకి, లప్పం పెట్టి కొత్తగా వేద్దాం అంటున్నాడు. షాపులో అడిగితే ఇప్పుడన్నీ లెడ్ (సీసం) లేనివే, గవర్నమెంటు రూలుంది అన్నారు. టెన్షన్ అక్కర్లేదా?

జవాబు: షాపాయన చెప్పింది కొత్త డబ్బా సంగతమ్మా, మీ పాప నోట్లోకి పోతున్నది పాత రంగు.

రూలున్న మాట నిజమే. కేంద్ర పర్యావరణ శాఖ 2016లో తెచ్చింది, 2017 నవంబరు 1 నుంచి అమలు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు, అంటే 90 పీపీఎం మించకూడదు, ఆ ముక్క డబ్బా మీదే అచ్చేసి ఉండాలి. లేకపోతే ఎంత చవకైనా కొనకండి. కానీ ఈ రూలు ఫ్యాక్టరీల్లో వాడే ఇండస్ట్రియల్ పెయింట్లకు వర్తించదు. నన్నడిగితే పెద్ద లోపం ఇదే, ఊచలకు గట్టిగా ఉంటుందని అలాంటి డబ్బా అంటగడితే మీకెలా తెలుస్తుంది? ప్రైమర్ దగ్గరా చూసుకోండి: రెడ్ ఆక్సైడ్ అంటే ఇనుప తుప్పు రంగు, రెడ్ లెడ్ అంటే అచ్చంగా సీసమే.

ఇక మీ తలుపులు. 2017కు ముందు కంపెనీలు ఇష్టమైతే పాటించే ప్రమాణాలే తప్ప ఈ కట్టడి లేదు, పైగా పసుపు, ఎరుపు, పచ్చ ఎనామిళ్లలో, అంటే ఆయిల్ పెయింట్లలో, సీసం రంగులు బాగా వాడేవారు. కాబట్టి ఉందనుకునే పని చేయించండి. పొడిగా ఉప్పుకాగితం పట్టించొద్దు, మిషన్ పెట్టి అసలే వద్దు, ఆ దుమ్ము పెచ్చుల కన్నా ప్రమాదం, ఇల్లంతా పరుచుకుంటుంది. తలుపు తడిపి తడి మీదే గీకమనండి, కింద ప్లాస్టిక్ షీటు పరిచి, చెత్త అందులోనే మూటగట్టండి, తర్వాత చీపురు కాకుండా తడిగుడ్డతో రెండు మూడుసార్లు తుడవండి. పెయింటరుకు మంచి మాస్కు ఇవ్వండి, అతనింట్లోనూ పిల్లలుంటారు. పని అయ్యేదాకా పాపతో మీరు పుట్టింటికి వెళ్లిపోండి (మీరు గర్భంతో ఉంటే మరీ ముఖ్యం). ఊడని చోట గీకకుండా పైనుంచి కొత్త రంగు వేసినా సరిపోతుంది.

పెచ్చులు తిన్నది కాబట్టి పిల్లల డాక్టరుకు ఈ సంగతి చెప్పి, రక్తంలో లెడ్ ఎంతుందో పరీక్ష రాయించుకోండి. మామూలు రక్త పరీక్షలో అది తెలియదు, పాప హుషారుగా ఆడుకుంటోందని ఊరుకోవద్దు. డెసీలీటరు (100 మి.లీ.) రక్తానికి 5 మైక్రోగ్రాములు, ఆ పైన వస్తే అది ఎక్కణ్నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ ఇంట్లో మొదట చూడాల్సింది ఆ తలుపులే, కాటుక, కుంకుమల్లోనూ సీసం ఉండొచ్చు, ఆ డబ్బాలు కూడా ఓసారి డాక్టరుకు చూపించండి.