కొత్త రాజ్యాంగం వల్ల మామూలు మనిషికి ఏం ఒరుగుతుంది? దక్షిణాఫ్రికాలో నేను చూసింది

"నిరంకుశ పాలన పోయి కొత్త రాజ్యాంగం వస్తే మామూలు మనిషికి ఏం ఒరుగుతుంది?" అని అడిగారు కదా, జోహన్నెస్‌బర్గ్‌లో ఆరేళ్ళు ఉద్యోగం చేశాను కాబట్టి అక్కడి సంగతి చెప్తాను.

రెండో ఏడాది కంపెనీ మారుతుంటే వీసా కాగితాలు ఆలస్యమై రెండు నెలలు జీతం లేదు, అద్దె కట్టలేకపోయాను. ఓనరు శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసి, సోమవారం తాళం మార్చేస్తానన్నాడు. ఆ రాత్రి టెన్షన్‌తో గేటు దగ్గర తచ్చాడుతుంటే మా సెక్యూరిటీ గార్డు, లింపోపో రాష్ట్రం నుంచి వచ్చిన పెద్దాయన, విషయం విని నవ్వాడు. "కోర్టు ఆర్డర్ చూపించమను. సెక్షన్ 26" అన్నాడు. నిజంగానే కొత్త రాజ్యాంగం సెక్షన్ 26(3)లో ఉంది, కోర్టు ఉత్తర్వు లేకుండా ఎవరినీ ఇంట్లోంచి గెంటకూడదు. అదే మెసేజ్ పెట్టాను, ఓనరు దారికొచ్చాడు, బాకీ మూడు వాయిదాల్లో తీర్చాను. నీకెలా తెలుసని అడిగితే, వర్ణవివక్ష రోజుల్లో తన చిన్నప్పుడు వాళ్ళ ఊరి జనాన్ని లారీలెక్కించి ఎక్కడో బీడు భూముల్లో దించేశారని చెప్పాడు. ఆ సెక్షన్ ఆయనకెందుకు నోటికొచ్చో అప్పుడర్థమైంది.

ఆ రాజ్యాంగాన్ని రాసిన తీరు కూడా నాకు నచ్చుతుంది. 1994లో తొలిసారి అందరూ ఓటేసిన ఎన్నికలతో ఏర్పడిన పార్లమెంటులోని 490 మంది సభ్యులు రాజ్యాంగ సభగా కూర్చున్నారు, ఆ సభకు అధ్యక్షుడు సిరిల్ రామఫోసా. 1996 మే 8న ఆమోదించారు. తీరా చూస్తే రాజ్యాంగ న్యాయస్థానం, ముందుగా ఒప్పుకున్న 34 సూత్రాలకు కొన్ని అంశాలు సరిపోలేదని సెప్టెంబరులో వెనక్కి పంపేసింది! మండేలా అంతటి మనిషి పార్టీ మెజారిటీలో ఉండి కూడా, కిక్కురుమనకుండా దిద్దుకొచ్చారు. డిసెంబరు 10న ఆయన సంతకం పెట్టింది షార్ప్‌విల్‌లో, 1960లో పోలీసులు 69 మందిని కాల్చి చంపిన ఊళ్ళో.

నాన్న వచ్చినప్పుడు ఆ న్యాయస్థానానికి తీసుకెళ్ళాను. గాంధీనీ మండేలానీ పెట్టిన పాత జైలు ప్రాంగణంలోనే కట్టారు, కూల్చిన జైలు బ్లాకు ఇటుకలు మళ్ళీ వాడారు. నాన్న గోడ మీద చెయ్యేసి కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత ఫోన్‌లో రాజ్యాంగం ఆరో సెక్షన్ చదివించాను, ప్రోత్సహించి గౌరవించాల్సిన భాషల్లో తమిళం, ఉర్దూలతో పాటు తెలుగు పేరు కూడా ఉంది. "మన పేరు ఇక్కడెందుకుందిరా?" అన్నాడు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి చెరకు తోటలకు కూలీలుగా వచ్చినవాళ్ళ పుణ్యం. (పేరైతే ఉంది గానీ, డర్బన్‌లో నేను కలిసిన నాయుడుల ఇంట్లో పిల్లలకి వచ్చిన తెలుగు "అమ్మమ్మ", "పులుసు", అంతే.)

అలాగని స్వర్గం అనుకోకండి. ఐరీన్ గ్రూట్‌బూమ్ అనే ఆవిడ ఇంటి హక్కు కోసం వేసిన కేసులో 2000లో గెలిచింది. ప్రపంచమంతా లా కాలేజీల్లో పాఠంగా చెప్తారు ఆ తీర్పుని. ఆవిడ మాత్రం 2008లో పోయేనాటికి ఇంకా గుడిసెలోనే ఉంది. మా గార్డు పెద్దాయన కూడా అంతే, నేను ఇండియా వచ్చేసే రోజుకి ప్రభుత్వ ఇంటి జాబితాలో ఆయన పేరు పదకొండేళ్ళుగా ఉంది.