మిత్రుడు చేసిన వీడియో గేమ్ రీమిక్స్‌ను ఎలా విమర్శించాలి?

పాత మారియో గేమ్ సంగీతాన్ని మీ మిత్రుడు రీమిక్స్ చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడనీ, అందరూ 'సూపర్' అంటున్నా మీకు మాత్రం ఎక్కడో ఏదో కుదరలేదనిపిస్తోందనీ, సంగీతం నేర్చుకోని మీరు దాన్ని ఎలా విమర్శించాలనీ అడిగారు. నేను హైదరాబాద్‌లో కీబోర్డ్ ప్రోగ్రామింగ్ వృత్తిగా చేసుకుంటున్నాను. ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు ఇటువంటి రీమిక్స్‌లు పంపి అభిప్రాయం అడగడం నాకు కొన్నేళ్లుగా అలవాటైన పని. ఆ అనుభవం మీద చెబుతున్నాను: రీమిక్స్ చెవికి ఎంత బాగుందన్న దగ్గర ఆగిపోకుండా, మూలంలో దేన్ని ఉంచారు, దేన్ని మార్చారు, ఆ మార్పుకు కారణం వినిపిస్తోందా అన్న ప్రశ్నలు వేయండి. ఇందుకు సంగీత శాస్త్రం రానక్కరలేదు గానీ, మూలాన్ని మాత్రం మళ్లీ శ్రద్ధగా వినాలి.

మళ్లీ వినమనడానికి కారణం ఉంది. 1990లలో ఈ నగరంలో పెరిగిన మాలో చాలామందికి అసలు నింటెండో యంత్రం కంటికి కనిపించలేదు. ఆబిడ్స్, కోఠి దుకాణాల్లో కొన్న నకలు టీవీ గేమ్‌లో కాసెట్ పెట్టో, గంటకు ఇంత అని డబ్బు తీసుకునే గల్లీ పార్లర్‌లో కూర్చునో విన్న సంగీతమే మా జ్ఞాపకంలో మిగిలింది. ఆ నకలు యంత్రాలలో అనేకం వాడిన సౌండ్ చిప్‌లలో 25 శాతం, 50 శాతం పల్స్ తరంగాలు (బాణీ పలికించడానికి చిప్ వాడే రెండు ధ్వని రూపాలు) తారుమారై ఉండేవి. అందువల్ల పదునుగా పలకవలసిన బాణీ బోలుగా, బోలుగా పలకవలసినది పదునుగా వినిపించేది. "మూలంలో ఇలా లేదు" అని మీ మిత్రుడికి చెప్పేముందు, మీరు మూలమని అనుకుంటున్నది ఏ యంత్రం నుంచి వచ్చిందో చూసుకోవడం మంచిది. ఆ నకలు యంత్రపు ధ్వనినే ఇష్టపడి, దాన్నే మూలంగా పెట్టుకుని రీమిక్స్ చేస్తే నేనైతే తప్పుపట్టను, పైగా అది మన ఊరి వాళ్లు మాత్రమే చేయగల పని. కాకపోతే అది తెలిసి చేసినదై ఉండాలి.

ఇక యంత్రం గురించి కొంత తెలిస్తే విమర్శకు పట్టు దొరుకుతుంది. 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో గేమ్ యంత్రం ఫామికామ్‌లోని రికో 2ఏ03 చిప్‌లో రెండు పల్స్ చానెళ్లు, ఎక్కువగా బేస్‌కు, అంటే మంద్ర స్వరాలకు వాడే ఒక ట్రయాంగిల్, తాళానికి ఒక నాయిస్, శాంపిల్స్, అంటే రికార్డు చేసిన చిన్న శబ్దపు ముక్కలు మోగించడానికి ఒక డీపీసీఎం, వెరసి ఐదు చానెళ్లే ఉండేవి. ట్రయాంగిల్ చానెల్‌కు వాల్యూమ్ పెంచే, తగ్గించే వీలే లేదు, మోగితే మోగుతుంది, లేకపోతే ఆగుతుంది. ప్రతిధ్వని కలిపే సదుపాయం కూడా లేదు గనుక, ఒక పల్స్ చానెల్‌లో పలికిన బాణీనే రెండో దానిలో కాస్త ఆలస్యంగా, తక్కువ శబ్దంతో పలికించి, పెద్ద గదిలో మోగుతున్న భ్రమ కలిగించడం ఆనాటి సంగీతకర్తలకు బాగా తెలిసిన ఉపాయం.

ఈ ఉపాయం తెలియకపోతే ఏమవుతుందో ఒక విద్యార్థి పంపిన ఫైలులో స్పష్టంగా విన్నాను. అతను ఒక యాక్షన్ గేమ్ పాటకు మిడి ఫైలు (ధ్వని కాక, ఏ స్వరం ఎప్పుడు మోగాలో మాత్రమే ఉండే ఫైలు) దించుకుని, మొదటి వరుసను వయొలిన్‌కు, రెండో వరుసను వేణువుకు ఇచ్చి, రెండింటి మీదా రీవర్బ్, అంటే కృత్రిమ ప్రతిధ్వని, ధారాళంగా పోశాడు. ఆ వేణువు వరుస నిజానికి స్వతంత్రమైన బాణీ కాదు, వయొలిన్ వరుసకు చిప్ మీద చేసిన ప్రతిధ్వని మాత్రమే. ఫలితంగా పెళ్లి ఊరేగింపులో ముందు నడిచే బ్యాండు వెనకే ఇంకో బ్యాండు అదే పాటను అర క్షణం ఆలస్యంగా అందుకున్నట్టు తయారైంది. విన్నవాళ్లంతా అతనికి "గజిబిజిగా ఉంది, రీవర్బ్ తగ్గించు" అని సలహా ఇచ్చారు, అతను తగ్గించాడు, గజిబిజి తగ్గలేదు. వేణువు వరుసను పూర్తిగా తీసేసి చూడమన్నాను. తీసేసరికి రీవర్బ్ మొదట ఉన్నంత పెట్టినా బాణీ తేటగా వినిపించింది, వేణువుకు అతనే సొంతంగా ఒక ప్రతిబాణీ కట్టుకోవడానికి చోటు కూడా దొరికింది. మిక్సింగ్ దోషమని మనం అనుకునే వాటిలో చాలావరకు ఇలా వరుసల కూర్పులోని దోషాలే.

మీ ప్రశ్న మారియో గురించే గనుక ఇంకొక సంగతి. మన హైదరాబాద్ కుర్రాళ్లకు ఏ పాట దొరికినా దాని కింద తీన్‌మార్ వేయాలనిపిస్తుంది, నాకు ఆ సరదా మీద అభ్యంతరం లేదు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొదటి దశలో వినిపించే పాటకు తీన్‌మార్ వేసిన రీమిక్స్ ఒకటి నా దగ్గరికి వచ్చింది. పాటలో 'ప గ ప' అని పైకి ఎగబాకి ధైవతాన్ని అందుకునే చోటు ఒకటుంది, అక్కడ ఆ మూడు స్వరాలూ రెండు మాత్రల కాలంలో సమానంగా సర్దుకుంటాయి. బాణీ ఒక్కసారిగా తిస్రంలోకి, అంటే మూడేసి లెక్కలోకి ఊగే ఆ చోటే పాటకు ప్రాణం. రీమిక్స్ చేసినతను సాఫ్ట్‌వేర్‌లో ప్రతి స్వరాన్నీ పదహారో వంతు గ్రిడ్‌కు క్వాంటైజ్ చేయడంతో, అంటే సమాన కాలపు గడులకు అతికించడంతో, ఆ మూడు స్వరాలూ నాలుగేసి లెక్క అయిన చతురస్రంలోకి బిగుసుకుపోయి, ఊపు చచ్చిపోయింది. విచిత్రమేమిటంటే తీన్‌మార్ నడకే తిస్రపు నడక, అంటే పాటకూ దరువుకూ సహజంగా కలిసే చోటును అతను చేతులారా చెరిపేసుకున్నాడు. "బీట్ సెట్ కాలేదు" అంటే అతనికి ఏమీ అర్థమయ్యేది కాదు. ఫలానా సెకను దగ్గర మూడు స్వరాలు వినమనీ, మూలంలో అదే చోటు వినమనీ చెప్పగానే తానే పట్టేశాడు. మీరు కూడా సెకన్లతో సహా చెప్పండి, స్వరాల పేర్లు తెలియకపోయినా నష్టం లేదు.

అసలు రీమిక్స్‌లను నేను ఎక్కువగా తప్పుపట్టేది మాత్రం నిర్మాణం దగ్గర. గేమ్ సంగీతాన్ని ఆటగాడు ఎంతసేపు ఆడతాడో తెలియని పరిస్థితిలో, అంతులేకుండా తిరగడానికి కట్టారు. దాన్ని ఆట నుంచి విడిగా తీస్తే కొంత పోతుంది: మారియోలో గడియారం 100కు తగ్గగానే పాట వేగం పుంజుకోవడం, ఎగిరినప్పుడల్లా ఆ చప్పుడుకు చోటివ్వడానికి సంగీతంలోని ఒక చానెల్ క్షణం పాటు తప్పుకోవడం వంటివన్నీ ఆటతోనే ఉండిపోతాయి. వినడానికి చేసే రీమిక్స్ ఆ లోటును పూడ్చుకోవాలి, ఎక్కడో మొదలై ఎక్కడికో చేరాలి. చాలామంది ఒకే ఆవృత్తాన్ని మూడు నాలుగు సార్లు అతికించి, ప్రతిసారీ ఒక డ్రమ్ము కలిపి, చివర శబ్దం తగ్గించేస్తారు. కచేరీలో పల్లవి పంక్తిని ఎన్నిసార్లు పాడినా సంగతి, అంటే దాన్ని పలికే తీరు, మారుతూ ఉంటుంది గనుక చెవి మొరాయించదు, అదే కొలమానం ఇక్కడా పనికొస్తుంది. రెండో ఆవృత్తంలో బాణీకి గానీ, బేస్‌కు గానీ మొదటిసారి లేనిది ఏం జరిగిందో ఒక వాక్యంలో చెప్పగలరేమో చూడండి. చెప్పలేకపోతే మీ విమర్శ అక్కడే ఉంది.

తరువాతి తరం యంత్రాల పాటలకు బెడద వేరు. సూపర్ నింటెండోలో ఎనిమిది చానెళ్లకు కలిపి ఆడియో మెమరీ 64 కిలోబైట్లే గనుక వయొలిన్లు, బాకాలు అతి చిన్న శాంపిల్స్‌గా ఉండేవి. వాటి స్థానంలో నిజమైన వాద్యాల రికార్డింగులున్న ఖరీదైన ఆర్కెస్ట్రా లైబ్రరీ పెట్టి, ప్రతి స్వరాన్నీ ఒకే బలంతో మోగిస్తే ధ్వని పెద్దదవుతుంది గానీ పాటకు ఊపిరి ఆడదు. చివరి మెరుగైన మాస్టరింగ్‌లో లిమిటర్‌తో (శబ్దపు హెచ్చులను ఒక హద్దు దగ్గర ఆపే సాధనంతో) అణగదొక్కి గట్టిగా మోగించడం గురించి ఇప్పటికే లోకమంతా చెబుతోంది, నేను కలిపేదేమీ లేదు. మంద్ర స్వరాలను సరిగా పలికించలేని ఫోన్ స్పీకర్‌లో విని "బేస్ తక్కువైంది" అని మాత్రం దయచేసి అనకండి.

మరొకటి అడగండి: కింద స్వరకర్త పేరు వేశాడా? "మారియో సాంగ్" అని రాసి వదిలేయడం అన్యాయం. ఆ బాణీ కోజీ కోండో కట్టినది. 2023లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేర్చుకున్న తొలి వీడియో గేమ్ సంగీతం అదే. ఆ రోజుల్లో క్యాప్‌కామ్ వంటి సంస్థల గేమ్‌లలో సంగీతకర్తల పేర్లు మారుపేర్లుగానే తెర మీద కనిపించేవి, కనీసం ఇప్పుడైనా అసలు పేరు వెతికి రాయడం పెద్ద శ్రమ కాదు. పేరు వెతికితే కొత్త దారి కూడా దొరకవచ్చు. 1989 నాటి గేమ్ బాయ్ టెట్రిస్‌లో బాగా తెలిసిన పాట 'కొరొబేయినికీ' అనే 19వ శతాబ్దపు రష్యన్ జానపద గీతం, దాన్ని ఆ యంత్రానికి కూర్చినది హిరోకాజు తనాకా. ఆ పాటను రీమిక్స్ చేసేవారు చిప్ కూర్పు నుంచి బయలుదేరారా, జానపద గీతం నుంచి బయలుదేరారా అన్నదాన్ని బట్టి మన విమర్శే మారిపోతుంది.

గ్రూపులో అందరి ముందూ కాకుండా విడిగా ఫోన్ చేసి చెప్పండి. మొదట మీకు నచ్చిన ఒక మార్పును సెకనుతో సహా చెప్పి, తరువాత కుదరని చోటు దగ్గర "ఇక్కడ ఎందుకు మార్చావు?" అని అడిగి ఊరుకోండి. అతను కారణం చెబితే, ఆ కారణాన్ని మనసులో పెట్టుకుని ఆ చోటు మళ్లీ వినండి. అది పాటలో వినిపిస్తే మీ అభ్యంతరాన్ని వెనక్కి తీసుకోండి, వినిపించకపోతే ఆ మాటే అతనికి చెప్పండి.