డాక్టర్ సలహా: జడుసుకున్న నాలుగేళ్ల బాబును ఎవరికి చూపించాలి?

ప్రశ్న: మాది పలాస. రెండున్నర నెలల కిందట మా మావయ్యగారు మా బాబును బండి మీద ముందు కూర్చోబెట్టుకుని టెక్కలి వెళ్తుంటే హైవే మీద లారీ తగిలింది. మావయ్యగారు అక్కడికక్కడే పోయారు. బాబుకు చిన్న గీతలు తప్ప ఏమీ కాలేదు. వాడికి నాలుగేళ్లు. అప్పటి నుంచి పక్క తడుపుతున్నాడు. రాత్రుళ్లు కేక పెట్టి లేస్తాడు. నేను బాత్రూంకి వెళ్లినా తలుపు దగ్గర నిలబడి ఏడుస్తాడు. గలగలా మాట్లాడేవాడు, ఇప్పుడు ఒకటీ రెండూ మాటలే. బొమ్మ బండిని గోడకు గుద్దుతూ గంటలకొద్దీ ఆడతాడు. తాత ఊరెళ్లాడని చెప్పాం. మా అత్తగారు తాయత్తు కట్టించారు. మా ఆయన ‘ఆ మాట ఎత్తొద్దు, వాడే మర్చిపోతాడు’ అంటారు. ఇంత చిన్నపిల్లాడిని మానసిక డాక్టరు దగ్గరకు తీసుకెళ్తారా?

జవాబు: అమ్మా, తీసుకెళ్లండి. ఇలాంటి భయం చాలామంది పిల్లల్లో మొదటి నెలలో కనిపించి, మెల్లగా సర్దుకుంటుంది. నెల దాటినా తగ్గకపోతే ఆగకూడదు. మీకు రెండున్నర నెలలైంది. ప్రమాదం తర్వాత వదలకుండా పట్టుకునే ఈ భయాన్ని పీటీఎస్‌డీ అంటారు. ఇంత చిన్నవాళ్లకు కూడా ఈ జబ్బు వస్తుందని వైద్యులు ఒప్పుకున్నారు. 2013లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల ప్రమాణాల్లో ఆరేళ్లలోపు పిల్లల లక్షణాలను విడిగా చేర్చారు. అందులో చెప్పిన వాటిలో ఒకటి మీవాడు గోడ దగ్గర ఆడుతున్న ఆటే. మర్చిపోయిన పిల్లాడు అలా ఆడడు. ఆ ఆట ఆపించకండి, తిట్టకండి. పక్కన కూర్చుని, ‘బండి గుద్దుకుంది. నీకు చాలా భయమేసింది కదా నాన్నా’ అనండి, చాలు.

ముందుగా పిల్లల డాక్టరుకు చూపించండి. ప్రమాదంలో తలకు దెబ్బ తగిలిందేమో చూడాలి, మూత్ర పరీక్ష చేయాలి, మాట తగ్గింది కాబట్టి వినికిడి కూడా చూడాలి. వాంతులు, ఫిట్స్, మగతలాంటివి కనిపిస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మెడికల్ షాపులో అడిగి నిద్ర సిరప్ పట్టించొద్దు. ఈ వయసులో మొదటి చికిత్స మందు కాదు.

తర్వాత క్లినికల్ సైకాలజిస్ట్, అంటే మందులతో కాకుండా మాటతో, ఆటతో చికిత్స చేసేవారు. కౌన్సెలర్ అని బోర్డు ఎవరైనా పెట్టుకోగలరు. క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉంటుంది. నంబరు అడగండి, తప్పేం లేదు. ఇంకో మాట కూడా అడగండి: ‘ఐదేళ్లలోపు పిల్లలతో పనిచేశారా? నన్ను కూడా లోపల కూర్చోబెడతారా?’ నా దృష్టిలో ఇదే అసలు ప్రశ్న. నాలుగేళ్ల పిల్లాడి ధైర్యం తల్లి ఒళ్లోనే ఉంటుంది. అందుకే ఈ పని తెలిసినవారు తల్లినీ బిడ్డనూ కలిపి చూస్తారు. నేల మీద బొమ్మలు పరిచి ఉంటాయి. వాడు ఆడతాడు, మీరూ ఆడతారు. వాడి ఆటలో భయం బయటపడ్డప్పుడు దానికి ఏ మాట చెప్పాలో సైకాలజిస్ట్ మీకు చూపిస్తారు. దీన్ని చైల్డ్ పేరెంట్ సైకోథెరపీ అంటారు. వారానికోసారి చొప్పున నెలల తరబడి సాగుతుంది. మూడేళ్లు దాటిన పిల్లలకు ట్రామా ఫోకస్డ్ సీబీటీ అనే పద్ధతి, అంటే జరిగినదాని గురించి మెల్లగా మాట్లాడించి భయం తగ్గించేది కూడా ఉంది, అది సాధారణంగా 12 నుంచి 16 సార్లలో పూర్తవుతుంది. అక్కడ మిమ్మల్నీ కొన్ని ప్రశ్నలు అడుగుతారు: నిద్ర పడుతోందా, ఏడుపు వస్తోందా, మీ ఆయన ఎలా ఉన్నారని. తప్పు మీదని కాదమ్మా. తండ్రిని పోగొట్టుకున్న మనిషి ఆయన. ‘ఆ మాట ఎత్తొద్దు’ అనడంలో ఆయన దుఃఖం కూడా ఉంది. 2018లో తిత్లీ తుపాను వెళ్లాక ఉద్దానం నుంచి నా దగ్గరకు వచ్చిన పిల్లల్లో చాలామంది గాలి హోరు వింటేనే వణికేవారు. పడిపోయిన జీడి, కొబ్బరి చెట్ల గురించి అమ్మానాన్నలు మనసు విప్పి మాట్లాడుకోవడం మొదలయ్యాకే వాళ్లూ కుదుటపడ్డారు.

తాత ఊరెళ్లాడన్న మాట సరిచేయాలి. ఊరెళ్లినవాళ్లు తిరిగొస్తారు కదా. ఇప్పుడు మీరు బాత్రూంకి వెళ్లినా వాడికి మీరూ అలాగే వెళ్లిపోతారేమోనన్న భయం ఉండొచ్చు. ‘నిద్రపోయాడు’ అని కూడా అనొద్దు, పిల్లలు పడుకోవడానికే భయపడతారు. మీరు, మీ ఆయన పక్కన కూర్చుని చెప్పండి: ‘లారీ తగిలి తాత చనిపోయాడు. చనిపోతే మళ్లీ రారు. నీ వల్ల కాదు. అమ్మా నాన్నా నీ దగ్గరే ఉన్నాం.’ పదిసార్లు అడిగితే పదిసార్లూ ఇదే చెప్పండి. మీ కళ్లలో నీళ్లొచ్చినా ఫర్వాలేదు.

అత్తగారు కట్టించిన తాయత్తు ఉండనివ్వండి, అది ఆవిడ ప్రేమ. జడుపు పోవాలని పొగ పెట్టడం, వేపమండలతో కొట్టడం మాత్రం వద్దు. అంగన్‌వాడీ టీచరుకు జరిగింది చెప్పండి, పక్క తడిపాడని వాడిని ఎవరూ ఎగతాళి చేయకుండా చూస్తారు.

ఇంత చిన్నవాళ్లతో పనిచేసేవారు మన జిల్లాల్లో తక్కువ. అది నాకూ బాధే. శ్రీకాకుళంలో మనం రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగంలో మొదలుపెట్టండి. అవసరమైతే విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు పంపుతారు. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే ఫోన్ లైన్ టెలిమానస్, 14416కు రాత్రైనా పగలైనా ఫోన్ చేయొచ్చు. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మీకు నిద్ర పట్టని రాత్రి మీ కోసం కూడా చేయండి.

హైవే మీద బస్సులో తీసుకెళ్లొద్దు. పలాసలో ప్యాసింజర్ ఎక్కి ఆమదాలవలసలో, అదే శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగండి. అక్కడి నుంచి ఆటోలో వాడిని ఒళ్లో కూర్చోబెట్టుకోండి. సంచిలో ఒక జత బట్టలు పెట్టుకోండి, ఆ బొమ్మ బండిని కూడా పెట్టుకోండి. డాక్టరు గదిలో వాడు దాన్ని గోడకేసి గుద్దితే, గుద్దనివ్వండి.